సగం దయ

పిసినారి గురించి చెప్పాల్సివస్తే మన తెలుగులో ఒక మాట ఉంది, పిల్లికి కూడా బిచ్చం పెట్టడని. మా శ్రీమతి ఈ మాటను పాతికేళ్ళుగా నా మీద అడపాదడపా ప్రయోగిస్తూనే ఉంది. బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో కూర్చుని, అడిగినవాళ్ళకు లేదని చెప్పడం అలవాటైనవాణ్ణి కాబట్టి నేను పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు. 2024 వేసవిలో మాత్రం నేను నిజంగానే పిల్లికి బిచ్చం పెట్టాను. పెట్టినందువల్లనే ఒక తప్పు చేశాను. అసలు పెట్టకుండా ఉంటే ఆ తప్పు నా ఖాతాలో పడేది కాదు. ఈ చిక్కుముడి అప్పటినుంచి నా మనసులో అలాగే ఉంది. నేను చదివింది కామర్సు. తర్కం, వేదాంతం నాకు రావు. అయినా నాకు తోచిన మేరకు దాన్ని విప్పడానికి ప్రయత్నిస్తాను.

మాది కడప జిల్లా, పోరుమామిళ్ళ దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు వేసవి సెలవులంటే మాకు ఖర్చులేని సుఖాల కాలం. చెరువులో మిగిలిన మడుగులో ఈదడం, కట్ట మీద చింతచెట్ల కింద పడుకోవడం, తాటిముంజలు బొటనవేలితో పొడుచుకు తినడం, రాత్రి ఆరుబయట నులకమంచం మీద చుక్కలు లెక్కపెట్టడం. ఆ సుఖాలను మాకు ఎవరో సమకూరుస్తున్నారన్న ఊహ కూడా ఉండేది కాదు. ఎండ ఉన్నట్టే చెరువూ ఉంది, అంతే అనుకునేవాళ్ళం.

బ్యాంకు ఉద్యోగం వచ్చి బెంగళూరు చేరాక వేసవి అంటే భయం పోయింది. ఇక్కడికి కొత్తగా వచ్చిన రోజుల్లో మే నెలలో కూడా ఫ్యాను లేకుండా నిద్రపోయామని బంధువులకు ఉత్తరాలు రాసుకున్నాం. ఆ రోజులు పోయాయి. 2024 మార్చి నాటికి ఊళ్ళో సగం బోర్లు ఎండిపోయినట్టే అనిపించేది. మా వీధిలో పొద్దున లేస్తే ట్యాంకర్ల చప్పుడే. స్నానానికి ఒక బకెట్టు అని ఇంట్లో మేమే రేషను పెట్టుకున్నాం.

అదుగో, ఆ మార్చి చివర్లో ఒక తల్లిపిల్లి మా ఇంటి మెట్లకింద మూడు పిల్లల్ని తెచ్చి పెట్టింది. ఒకటి బూడిదరంగుది, ఒకటి నల్లమచ్చలది, మూడోది తల్లిలాగే పసుపుచారలది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని సామెత. మాది ఎన్నో ఇల్లో తెలియదు. నాలుగు రోజులుండి పోతుందిలే అనుకున్నాను. ఒకరోజు పొద్దున సంపు మూత దగ్గర కారిన నీటి తడిని తల్లి నాకుతూ కనిపించింది. ఆ దృశ్యం చూడలేక ఒక మట్టి మూకుట్లో నీళ్ళు పోసి పెట్టాను. మర్నాడు పెరుగన్నం పెట్టాను. మూడోనాటికి నేను మెట్లు దిగే అలికిడికే పిల్లలు మూడూ తోకలు నిక్కబొడుచుకుని ఎదురు రావడం మొదలైంది.

ఇంత చిన్న విషయంలో అంత సంతోషం ఉందని నాకు యాభై దాటాక తెలిసింది. బ్యాంకుకు వెళ్ళేముందు పావుగంట మెట్ల మీద కూర్చునేవాణ్ణి. బూడిదరంగు పిల్ల నా చెప్పు పట్టీతో యుద్ధం చేసేది. వసూలు కాని బాకీలు, పై ఆఫీసు నుంచి వచ్చే గుచ్చుళ్ళు, ఏవీ ఆ పావుగంటలో గుర్తుకొచ్చేవి కావు. మా శ్రీమతి తలుపు దగ్గర నిలబడి, "ఏమండీ, పిల్లికి బిచ్చం పెట్టేవాళ్ళ జాబితాలో చేరారన్నమాట" అని నవ్వింది. తల్లిపిల్లి కూడా ఐదో ఇల్లు, ఆరో ఇల్లు వెతుక్కోవడం మానేసి మా మెట్లకిందే స్థిరపడింది. దాన్ని అలా కట్టిపడేసింది నేను పెట్టిన అన్నమేనని అప్పట్లో నాకు తట్టలేదు.

ఏప్రిల్ 26, శుక్రవారం లోక్‌సభ ఎన్నికలు. మర్నాడు నాలుగో శనివారం, బ్యాంకుకు సెలవు. సోమవారం ఒక్కరోజు సెలవు పెడితే మూడు రోజులు కలిసొస్తాయి. ఊటీకి బయలుదేరాం. బయలుదేరే ముందు మూకుళ్ళు రెండు నిండా నీళ్ళు పోసి, గిన్నెడు అన్నం కలిపి పెట్టాను. మూడు రోజులకు రెండు మూకుళ్ళ నీళ్ళు, ఒక గిన్నెడు అన్నం! ఇలాంటి అంచనా పట్టుకుని ఎవరైనా నా దగ్గరకు అప్పుకొస్తే మారుమాట లేకుండా వెనక్కి పంపేవాణ్ణి.

ఊటీ సరస్సు మీద పడవలో తిరుగుతుంటే మా శ్రీమతి ఒకసారి అడిగింది, "పిల్లులకు నీళ్ళు పెట్టొచ్చారా" అని. "పెట్టాలే" అన్నాను. నీటి మీదుగా చల్లగాలి వచ్చింది, పల్లీల పొట్లం విప్పుకున్నాం, ఆ మాట అంతటితో అయిపోయింది. ఆ ఆదివారం నాడు బెంగళూరులో 38 డిగ్రీలు దాటింది.

సోమవారం రాత్రి ఇల్లు చేరి మెట్లకింద టార్చి వేసి చూశాను. మూకుడు ఒకటి బోర్లాపడి ఉంది, రెండోది ఎండిపోయి ఉంది. గిన్నె చుట్టూ చీమలు. రెండు పిల్లలు గోడవార ముడుచుకుని ఉన్నాయి. బూడిదరంగుది లేవలేదు. తల్లి నన్ను చూసి పారిపోలేదు, అరవలేదు. మామూలుగా వచ్చి నా కాలికి తల రాసుకుంది. అది తిట్టినట్టు ఉన్నా బాగుండేది.

మర్నాడు పొద్దున చిన్న గొయ్యి తవ్వుతుంటే పక్కింటి అజ్జి ప్రహరీ మీదుగా చూసి సంగతి అడిగింది. చెప్పాను. ఆమె కొంచెంసేపు ఊరుకుని, "నీవు హాక్తిద్దీరల్ల అంత నాను బిట్టె, సార్. ఒందు మాతు హేళిద్దరె సాకాగిత్తు" అంది. తనూ ముందు ఆ పిల్లికి పెడుతూ ఉండేదట. రోజూ నేను పెట్టడం చూసి, ఇక తన అవసరం లేదని మానేసిందట. ఒక్క మాట చెప్పి ఉంటే చాలునట.

ఎందుకు చెప్పలేదు? పద్దెనిమిదేళ్ళుగా పక్కపక్క ఇళ్ళలో ఉంటున్నాం. ఉగాదికి వాళ్ళు హోళిగె పంపుతారు, మేం పులిహోర పంపుతాం. కానీ పిల్లుల కోసం ఒక పెద్దావిణ్ణి ఏమని అడుగుతాం, నవ్వుకుంటుందేమోనని మొహమాటం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మనవంటివాళ్ళకు ఈ మొహమాటం ఒక పాలు ఎక్కువేమో. పొరుగువాళ్ళతో కావలసినంత మర్యాదగా ఉంటాం. సాయం అడిగేంత చనువు మాత్రం తెచ్చుకోం.

ఇక అసలు ప్రశ్న. మా వీధిలో ఇరవై ఇళ్ళున్నాయి. ఆ పిల్లికి ఏనాడూ ఒక మెతుకు పెట్టనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరికీ ఈ చావుతో సంబంధం లేదు. నెలరోజులు పెట్టిన నాకు ఉంది. ఇదేం న్యాయం? కొంచెం దయ చూపినవాడు అసలు చూపనివాడికంటే ఎక్కువ దోషి ఎందుకు కావాలి?

బ్యాంకులో ఒక సహోద్యోగికి చెబితే తేలిగ్గా తేల్చేశాడు. "అందుకే నేను దేని జోలికీ పోను. పెడితే రోజూ పెట్టాలి, లేకపోతే ముట్టుకోకూడదు" అన్నాడు. ఈ మాటలో తర్కం లేకపోలేదు. కానీ ఈ తర్కాన్ని అందరూ పాటిస్తే లోకంలో పిల్లికే కాదు, మనిషికి కూడా గుక్కెడు నీళ్ళు దొరకవు.

భర్తృహరి సుభాషితాల్లో ఈ విషయం మీద ఒక తీర్పు ఉంది. ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు పద్యం మనలో చాలామందికి బళ్ళోనే కంఠతా వచ్చి ఉంటుంది. ఆటంకాలకు భయపడి పని మొదలే పెట్టనివాడు అధముడు, మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాడు మధ్యముడు, ఎన్ని విఘ్నాలొచ్చినా విడవనివాడు ఉత్తముడు. ఈ లెక్కన నా సహోద్యోగి అధముడు, నేను మధ్యముణ్ణి. కొన్నాళ్ళు ఈ ఊరటతో గడిపాను. తర్వాత నాకొక అనుమానం వచ్చింది. ఆ పద్యం మనిషి తన కోసం తలపెట్టే పనుల గురించి చెప్పినట్టు ఉంది. నేను వీణ నేర్చుకోవడం మొదలుపెట్టి మానేస్తే నష్టం నాదే. అసలు మొదలుపెట్టనివాడికంటే రెండు స్వరాలు ఎక్కువే వచ్చి ఉంటాయి. కానీ ఆ పని మీద ఇంకొక ప్రాణం ఆధారపడి ఉంటే? చెరువు దాటిస్తానని పడవ ఎక్కించుకుని నడిమధ్యలో తెడ్డు వదిలేసినవాడు, ఒడ్డునే నిలబడి రానన్నవాడికంటే మెరుగని అనగలమా? అక్కడ మధ్యముడు అధముడికంటే కిందికి జారిపోతాడని నాకనిపిస్తుంది.

వైష్ణవ సంప్రదాయంలో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. జీవుడు భగవంతుణ్ణి ఎలా ఆశ్రయించాలన్న విషయంలో వడగలై వారు మొదటిదాన్ని, తెంగలై వారు రెండోదాన్ని దృష్టాంతంగా చూపుతారు. ఈ చర్చ అంతా పిల్ల వైపు నుంచి సాగింది. ఆ వేసవి తర్వాత నాకు తల్లి వైపు ఆలోచన మొదలైంది. కరుచుకున్న తల్లి గోడ మీద నడుస్తూ మధ్యలో నోరు తెరవకూడదు. తెరవాలనుకుంటే ముందు కిందికి దించాలి.

నిజానికి ఈ సంగతి నాకు కొత్త కాదు. బ్యాంకులో స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులుంటాయి, ఇద్దరి దగ్గర. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకరు సెలవు మీద వెళ్ళాలంటే తాళంచెవి ఇంకొకరికి అప్పగించి, రిజిస్టరులో ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇంత సర్వీసులో నేను తాళంచెవి అప్పగించకుండా ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు. మా అమ్మాయి పెళ్ళి ముహూర్తం రోజున కూడా ముందు ఆ పని చూసుకునే బయలుదేరాను. ఊరివాళ్ళ బంగారానికి, నగదుకు అంత జాగ్రత్త పడినవాణ్ణి, మూడు ప్రాణాలను రెండు మూకుళ్ళకు అప్పగించి ఊటీ వెళ్ళాను. కారణం ఆలోచిస్తే సిగ్గేసింది. బ్యాంకు పనిని బాధ్యత అనుకున్నాను. మెట్లకింది పనిని సంతోషం అనుకున్నాను. సంతోషానికి సెలవు చీటీ అక్కర్లేదు కదా!

సంతోషాన్ని ఇలా విడిగా లెక్కగట్టడం నా ఒక్కడి పొరపాటే కాదు. నేను ఈదిన చెరువూ, నేను పడవలో తిరిగిన సరస్సూ అదే కథ చెబుతాయి.

పోరుమామిళ్ళ పెద్ద చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని అందులోనే చెక్కించారు. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాశారు. మన పెద్దలు చెప్పిన సప్తసంతానాల్లో చెరువు ఒకటి. కన్నకొడుకు, గుడి, తోట, కావ్యం ఇలాంటివాటి సరసన చెరువును కూర్చోబెట్టారు. ఈ మాటను నేను చాలాకాలం పుణ్యం సంపాదించే మార్గమనే అర్థం చేసుకున్నాను. ఇప్పుడు ఇంకో అర్థం కూడా కనిపిస్తోంది. సంతానం అన్నాక కని వదిలేస్తే చాలదు, సాకాలి. మా జేజినాయన కాలంలో వేసవి వస్తే ఊరంతా కలిసి చెరువులో పూడిక మట్టి తీసి పొలాలకు తోలుకునేవాళ్ళు. తూము తెరవడానికి, ఎవరి పొలానికి ఎంత నీరో చూడడానికి నీరుగంటి ఉండేవాడు. నేను ఈదిన మడుగు ఎండలా ఊరికే వచ్చింది కాదు.

మన బెంగళూరు సంగతీ ఇంతే. ఊరి నడుమ పారే పెద్ద నది లేదు. 1537లో కెంపేగౌడ కోట కట్టిన నాటినుంచి ఈ ఊరు బతికింది కెరెల మీద. ఒక చెరువు మరవ పారితే ఆ నీరు కింది చెరువులోకి చేరేది. 1894లో హెసరఘట్ట నుంచి గొట్టాల నీరు వచ్చింది. 1974లో కావేరి వచ్చింది. నీళ్ళు సర్కారు ఇస్తోంది కదా అని జనం చెరువుల మీద చేయి తీసేశారు. అజ్జి చెప్పిన మాటే, మీరు పెడుతున్నారు కదా అని మేం మానేశాం. ధర్మాంబుధి చెరువు ఇవాళ మెజెస్టిక్ బస్టాండు. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం. మిగిలిన బెళ్ళందూరు చెరువులో మురుగు నురగకు 2015లో నిప్పంటుకుంది, 2017లో మళ్ళీ పొగ లేచింది. నీళ్ళు తగలబడడం మన తరమే చూసింది. కావేరి నీళ్ళివ్వడం తప్పు కాదు, నేను పెరుగన్నం పెట్టడం తప్పు కానట్టే. ఒకరు పూనుకోగానే మిగిలినవాళ్ళు చేతులు దించేస్తారు. పూనుకున్నవాడు ఆ సంగతి గమనించుకోకపోవడమే తప్పు.

ఊటీ సరస్సు కూడా ప్రకృతి ఇచ్చింది కాదు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820లలో కట్టించింది. మేం వెళ్ళొచ్చిన మరుసటి వారం, మే 7 నుంచి, వాహనాల తాకిడి తట్టుకోలేక హైకోర్టు ఆదేశంతో ఊటీకి ఈ-పాస్ పెట్టారు. పల్లీలు తింటూ పడవలో కూర్చున్న నేను కూడా ఆ తాకిడిలో ఒక వంతు.

అలా అని ప్రతి చిన్న సుఖానికీ ముందు బాండు రాసివ్వాలా? అప్పుడది సుఖమెలా అవుతుంది? నన్ను నేను వేసుకున్న ఈ ప్రశ్నకు జవాబు మా ఇంటికి దగ్గర్లోనే దొరికింది. జె.పి. నగర్ ఏడో ఫేజులో పుట్టెనహళ్ళి చెరువుంది. ఎండి, చెత్తతో నిండుతున్న ఆ చెరువు కోసం చుట్టుపక్కల నివసించేవాళ్ళు 2010లో ఒక ట్రస్టుగా ఏర్పడ్డారు. మరుసటి ఏడు నగరపాలిక దాని నిర్వహణ వాళ్ళకు అప్పగించింది. ఆదివారాలు నేను అక్కడికి నడకకు వెళతాను. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. చెరువుకు పనిచేసేవాళ్ళ ముఖాల్లో నాకెప్పుడూ భారం కనిపించలేదు. ఒకరు ఊరికి వెళితే ఇంకొకరు ఉంటారు. ఒక్కడి మీదే పడ్డ దయ రెండు రకాలుగా ముగుస్తుంది. వాడు విసిగిపోయి మానేస్తాడు, లేదా నాలాగా సెలవు మీద వెళతాడు. నలుగురి చేతుల్లో ఉంటే ఎవరి సంతోషమూ తగ్గదు, పని కూడా ఆగదు.

కాబట్టి నా ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది. కొంచెమే చేయగలిగినవాడు చేయకూడదని కాదు. నెలరోజులే పెట్టగలిగితే నెలరోజులే పెట్టవచ్చు. కానీ దించేటప్పుడు ఇంకొకరి చేతిలోకి దించాలి. సగం దయలో దోషం సగం కావడంలో లేదు, మిగతా సగం ఎవరిదో అడగకుండా వెళ్ళిపోవడంలో ఉంది. ఇక ఆ ఇరవై ఇళ్ళవాళ్ళు? వాళ్ళ మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. వాళ్ళలో ఎందరు నేను పెట్టడం చూసి మానేశారో నాకు తెలియదు కదా.

ఆ తర్వాత అజ్జి, మేం పని పంచుకున్నాం. పశువైద్యుడు చెప్పాకే తెలిసింది, ఆవుపాలు పిల్లిపిల్లలకు సరిపడవని, పెరుగన్నంతో కడుపు నిండినా బలం చాలదని. మా వంటింట్లో నీచు వండరు. కనుక చేపముక్కలు వాళ్ళవి, నీళ్ళు, ఆసుపత్రి ఖర్చు మావి. వానాకాలం వెళ్ళాక తల్లికి, మిగిలిన రెండింటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు మేం ఊరెళ్ళే ముందు రోజు ప్రహరీ దగ్గర నిలబడి అజ్జితో ఒక మాట చెబుతాను. ఆమె కూతురింటికి మైసూరు వెళ్ళేటప్పుడు నాకు చెబుతుంది. పద్దెనిమిదేళ్ళలో మాట్లాడుకోనన్ని మాటలు ఈ వంకన మాట్లాడుకున్నాం. పిల్లుల మాటతో మొదలై ఆమె మోకాళ్ళ నొప్పుల దాకా, మా అమ్మాయి కానుపు దాకా వచ్చాయి.

బ్యాంకులో వసూలు కాని బాకీని ఒక దశలో రైటాఫ్ చేస్తాం. అప్పు మాఫీ అయిపోయిందని చాలామంది అపోహపడతారు. అది ఆస్తి అప్పుల పట్టీలోంచి తీసేయడం మాత్రమే, బాకీ పడ్డవాడు బాకీదారుగానే ఉంటాడు. బూడిదరంగు పిల్ల విషయంలో నాది అలాంటి పద్దు. మెట్లకింద ఎవరూ దాని ఊసెత్తరు. ప్రతి వేసవీ మొదటిసారి మూకుట్లో నీళ్ళు పోసేటప్పుడు మాత్రం నాకు గుర్తుకొస్తుంది. నీళ్ళు పోసేసి, అజ్జి పొద్దునే పోసిందేమో అడగడానికి ప్రహరీ దగ్గరకు వెళతాను.